సాహిత్యం వల్ల ఉపయోగం ఏంటి? 1034 పెళ్లిళ్లు, ఒక నాటకం, ఒక గోడ గడియారం

ఈరోజు ఎపిసోడ్‌లో యుద్ధాలు లేవు, కోటలు లేవు, నిధులు అసలే లేవు. ఒక ప్రశ్న ఉంది. ఆ ప్రశ్న నన్ను రెండేళ్లుగా వదల్లేదు.

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసే ముందు ఆఖరి వారం అది. ఆఫీసు బయట టీ కొట్టు దగ్గర మా టీమ్‌లో సీనియర్ అన్న ఒకాయన అడిగాడు. "చరిత్ర వీడియోలు చేస్తానంటున్నావ్, బాగుంది. జనం చూస్తారు. మధ్యలో ఈ నాటకాలు, నవలలు ఎందుకురా? కథలు చదివితే ఎవరికి ఏం ఒరిగింది? ఎక్కడైనా రోడ్డు పడిందా, ఊరికి నీళ్లొచ్చాయా?"

నేను "అంటే అన్నా... మన కల్చర్ కదా" అని ఏదో నసిగాను. ఆయన నవ్వేసి టీ డబ్బులు కూడా తనే ఇచ్చేశాడు. ఆ నవ్వు నాకు గుర్తుండిపోయింది. ఎందుకంటే నా జవాబు నాకే నచ్చలేదు. "కల్చర్ కదా" అనేది జవాబు కాదు, తప్పించుకోవడం.

తర్వాత నాకు కొంచెం గట్టి జవాబు దొరికింది. అది దొరికింది ఒక లిస్టులో. అవును, లిస్టే. మన భాషలో చెప్పాలంటే ఎక్సెల్ షీట్ లాంటిది. కాకపోతే అది 1880ల నాటిది.

సీన్ విజయనగరం. అప్పటికి అది జమీందారీ. విజయనగరం మహారాజు ఆనంద గజపతి. అప్పుడు విజయనగరం కూడా విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది. ఆ జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో ఒక ఆచారం ఉండేది: కన్యాశుల్కం. అంటే పెళ్లికొడుకు వైపు వాళ్లు పిల్ల తండ్రికి డబ్బిచ్చి పిల్లని తీసుకెళ్లడం. ఇవాళ మనకి తెలిసిన కట్నానికి ఇది రివర్స్. డబ్బున్న ముసలాయనకి భార్య పోతే, డబ్బు అవసరమున్న ఇంట్లోంచి చిన్నపిల్లని కొనుక్కునేవాడు. "కొనుక్కోవడం" అనే మాట నేను కావాలనే వాడుతున్నా.

మహారాజు ఏం చేశాడంటే, ఏజెన్సీ కాకుండా జిల్లాలోని మిగతా ప్రాంతాల్లో మూడేళ్లలో జరిగిన ఇలాంటి పెళ్లిళ్లకి లెక్క తీయించాడు. మొత్తం 1034 పెళ్లిళ్లు తేలాయి. సగటున ఏడాదికి 344. ఆ ఆడపిల్లల వయసులు వినండి. ఐదేళ్ల వాళ్లు 99 మంది. నాలుగేళ్ల వాళ్లు 44 మంది. మూడేళ్లు 36 మంది. రెండేళ్లు ఆరుగురు. ఏడాది పిల్లలు ముగ్గురు.

ఇది నేను కూడి చూశా. ఐదేళ్లు, అంతకన్నా తక్కువ వయసున్న పిల్లలు మొత్తం 188 మంది. అంటే ప్రతి వంద పెళ్లిళ్లలో 18 పెళ్లికూతుళ్లు ఇవాళ్టి లెక్కలో ఎల్‌కేజీ, యూకేజీ వయసు వాళ్లు, లేదా ఇంకా నడక రాని వాళ్లు. ఆ ఏడాది పిల్లలకి ఒక్కొక్కరికి 350 నుంచి 400 రూపాయల దాకా ధర పలికింది. ఇంకా పుట్టని బిడ్డకి కూడా బేరాలు కుదిరేవట. పైగా ఈ లిస్టు పూర్తి కాదు. డబ్బు పుచ్చుకున్నామని ఏ తండ్రి ఒప్పుకుంటాడు? కాబట్టి అసలు సంఖ్య ఇంకా ఎక్కువే ఉంటుంది.

ఇప్పుడు మనలాంటి ఇంజినీర్ బుర్ర ఏం అంటుంది? "డేటా వచ్చేసింది కదా, ఇంక ప్రాబ్లమ్ సాల్వ్ చేసేయొచ్చు." నేనూ అలాగే అనుకునేవాణ్ణి. నాలుగేళ్లు డ్యాష్‌బోర్డులు కట్టిన అనుభవంతో చెప్తున్నా, డ్యాష్‌బోర్డులో ఎరుపు రంగు వెలిగినంత మాత్రాన ఎవరూ కుర్చీలోంచి లేవరు. అందరూ చూస్తారు, "అయ్యో" అంటారు, తర్వాతి మీటింగ్‌కి వెళ్లిపోతారు.

ఈ లిస్టు గురించి మనకి ఇన్ని వివరాలు ఎలా తెలుసు? అదే విజయనగరంలో మహారాజా కాలేజీలో పాఠాలు చెప్పిన ఒకాయన ఈ అంకెల్ని తన పుస్తకం ముందుమాటలో రాశాడు కాబట్టి. ఆయన గురజాడ అప్పారావు. ఆ పుస్తకం 'కన్యాశుల్కం' నాటకం. 1892 ఆగస్టులో విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ వాళ్లు మొదటిసారి ఆడారు. 1897లో అచ్చయింది.

తమాషా ఏంటంటే, మన తెలుగు నాటకానికి ఆయన ముందుమాట రాసింది ఇంగ్లిష్‌లో. అందులో ఆయన చెప్పిన విషయం క్లుప్తంగా ఇదీ: ఇలాంటి దారుణం సమాజానికి సిగ్గుచేటు, దాన్ని బయటపెట్టడం కన్నా సాహిత్యానికి పెద్ద పని లేదు. కానీ మామూలు జనానికి చదివే అలవాటు ఇంకా రాలేదు, అది వచ్చేదాకా స్టేజీ మీదే ఆధారపడాలి.

ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. 130 ఏళ్ల కిందట ఒక రచయిత "నా ఆడియెన్స్ ఎక్కడుంది, ఏ ప్లాట్‌ఫామ్ మీద దొరుకుతుంది" అని లెక్క వేసుకున్నాడు. పుస్తకం చదవరు, సరే, నాటకం చూస్తారు కదా, అయితే నాటకం రాద్దాం. నేను వీడియోలు మొదలుపెట్టినప్పుడు నా లెక్క కూడా ఇదే. కాబట్టి "ఈ జనరేషన్ చదవదు" అని ఎవరైనా బాధపడితే నేను పెద్దగా కంగారు పడను. చదవని జనం గురజాడ కాలంలోనూ ఉన్నారు. ఆయన వాళ్లని తిట్టలేదు. వాళ్ల దగ్గరికి వెళ్లాడు.

ఎలా వెళ్లాడు? వాళ్లు మాట్లాడే తెలుగులో వెళ్లాడు. అప్పట్లో గౌరవంగా రాయాలంటే గ్రాంథికంలో రాయాలి. ఈయన నాటకం మొత్తం ఇళ్లల్లో, వీధుల్లో వినపడే భాషలో రాశాడు. అగ్రహారం భాష వేరు, దుకాణం పోలిశెట్టి భాష వేరు, పాలేరు అసిరిగాడి భాష వేరు, వెంకటేశం లాంటి స్కూలు కుర్రాళ్ల ఇంగ్లిష్ కలిసిన భాష వేరు. తర్వాత 1914లో పాఠాల్లో వాడుక భాష ఉండాలని మద్రాసు యూనివర్సిటీకి అసమ్మతి పత్రం కూడా రాశాడు. ఇప్పుడు నేను మీతో మాట్లాడుతున్న ఈ తెలుగు, మీరు స్క్రీన్ మీద చదువుతున్న ఈ తెలుగు, అచ్చులోకి రావడానికి ఆయనా గిడుగు రామమూర్తీ చేసిన పోరాటం ఒక పెద్ద కారణం. ఉపయోగం ఏంటి అని అడిగిన మా అన్నకి ఇది మొదటి రసీదు.

ఇప్పుడు కథలోకి వద్దాం. తెలియని వాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్తా. అగ్నిహోత్రావధాన్లు అనే ఆయన పెద్దకూతురు బుచ్చమ్మ చిన్నవయసులోనే వితంతువు అయ్యింది. అయినా ఆయన బుద్ధి మారదు. చిన్నకూతురు సుబ్బిని కూడా లుబ్ధావధాన్లు అనే ముసలి పిసినారికి డబ్బుకి ఇవ్వడానికి ఒప్పుకుంటాడు. సుబ్బి మేనమామ కరటక శాస్త్రి ఈ పెళ్లి ఆపడానికి ఒక ప్లాన్ వేస్తాడు. తన శిష్యుడికి ఆడపిల్ల వేషం వేసి అదే ముసలాయనకి తక్కువ ధరకి అమ్మేస్తాడు. అక్కడి నుంచి మొదలవుతుంది గోల. అబద్ధాలు, కోర్టు కేసులు, పోలీసులు, అన్నీ.

లిస్టు చేయలేని పని నాటకం ఏం చేసింది? లిస్టులో 99 అనేది ఒక సంఖ్య. నాటకంలో సుబ్బి ఒక ఇంటి పిల్ల. ఆమెకి ఒక అమ్మ ఉంది, ఒక అక్క ఉంది. ఆ అక్కని చూస్తే సుబ్బి రేపు ఏమవుతుందో ఎవరూ చెప్పక్కర్లేకుండానే తెలిసిపోతుంది. ఇంకో సంగతి గమనించారా? ఇంత గొడవ సుబ్బి పెళ్లి గురించే, కానీ సుబ్బి గొంతు మనకి దాదాపు వినపడదు. అందరూ ఆమె గురించి మాట్లాడేవాళ్లే. ఆమెని అడిగినవాళ్లు లేరు. ఇది లిస్టులో ఏ కాలమ్‌లో పెడతారు?

రెండోది, అగ్నిహోత్రావధాన్లు రాక్షసుడు కాదు. కోపిష్టి, మొండివాడు, కోర్టు వ్యాజ్యాల పిచ్చి ఉన్నవాడు. మన బంధువుల్లో ఇలాంటి పెద్దాయన ఒకరు ఉంటారు. విలన్‌ని కొమ్ములు పెట్టి చూపిస్తే చూసేవాడు "నేను అలాంటివాణ్ణి కాదు" అనుకుని హాయిగా ఇంటికి పోతాడు. ఆ రోజు నాటకం చూసిన వాళ్లలో కూతురి పెళ్లికి డబ్బు పుచ్చుకున్నవాళ్లు కూడా ఉండే ఉంటారు. వాళ్లు కూడా నవ్వే ఉంటారు. నవ్విన తర్వాత ఇంటికి నడిచి వెళ్తుంటే ఏమనిపించి ఉంటుందో, అదే సాహిత్యం చేసే పని అని నా ఉద్దేశం.

ఇప్పుడు నా సంగతి చెప్తా. నేను ఈ నాటకం మొదటిసారి పూర్తిగా చదివింది ఛానెల్ పెట్టాకే. అంతకుముందు నాకు గిరీశం అంటే మీమ్స్‌లో కనపడే డైలాగులు, 1955 సినిమాలో ఎన్టీఆర్, అంతే. సినిమాలో మధురవాణిగా సావిత్రి అని కూడా తెలుసు. గిరీశం అంటే ఫన్నీ క్యారెక్టర్ అనుకునేవాణ్ణి. చదివాక ఒళ్లు చల్లబడింది.

గిరీశం ఎవరు? సగం ఇంగ్లిష్ కలిపి మాట్లాడతాడు. సంఘ సంస్కరణ మీద లెక్చర్లు ఇస్తాడు. వితంతు వివాహం జరగాలంటాడు, వేశ్యల ఆటపాటలు తప్పంటాడు. చుట్టూ కుర్రాళ్లని పోగేసుకుంటాడు. లోపల మాత్రం అప్పులు, అబద్ధాలు, పూట గడవడం. వితంతు వివాహం గురించి అంత మాట్లాడింది చివరికి బుచ్చమ్మని తీసుకుని పారిపోవడానికి పనికొచ్చింది.

నాకేసి చూసుకున్నా. నేనూ సగం ఇంగ్లిష్ మాట్లాడతా. సమాజం గురించి లెక్చర్లు ఇస్తా. కుర్రాళ్లు వింటారు. చివర్లో లైక్ కొట్టండి అంటా. గిరీశానికి ఫోన్ ఉండుంటే ఛానెల్ పెట్టేవాడే, మనకన్నా ఎక్కువ సబ్‌స్క్రైబర్లు కూడా ఉండేవాళ్లు. ఒక పుస్తకం 1892 నుంచి చెయ్యి చాచి నా కాలర్ పట్టుకున్నట్టు అనిపించింది.

అసలు మంచి పని చేసేది ఎవరో తెలుసా? వేశ్య అని అందరూ చిన్నచూపు చూసే మధురవాణి. ముసలాయన మీద పడిన దొంగ హత్య కేసు నుంచి ఆయన్ని బయటపడేయడానికి దారి చూపించేది ఆమె. గిరీశం అసలు రంగు బయటపెట్టేది ఆమె. వేశ్య మొహం చూడనని నియమం పెట్టుకున్న సంస్కర్త ప్లీడరు సౌజన్యారావు పంతులు ముందుకి ఆమె మగవేషంలో రావాల్సి వస్తుంది. 1909లో గురజాడ నాటకాన్ని బాగా పెంచి తిరగరాసినప్పుడు మధురవాణి పాత్ర ఇంకా ఎదిగింది. కన్యాశుల్కాన్ని తిట్టడానికి రాసిన నాటకం, ఆ తిట్టేవాళ్లని కూడా వదల్లేదన్నమాట. ఒక సర్క్యులర్, ఒక చట్టం, ఒక లిస్టు ఈ పని చెయ్యలేవు. అవి ఎప్పుడూ "వాళ్ల" గురించి చెప్తాయి. మంచి కథ చదివేవాడి దగ్గరికే వచ్చి ఆగుతుంది.

సరే, ఇప్పుడు కష్టమైన ప్రశ్న. ఈ నాటకం వల్ల కన్యాశుల్కం ఆగిపోయిందా?

నిజాయితీగా చెప్పాలి. "ఒక్క నాటకం సమాజాన్ని మార్చేసింది" అని థంబ్‌నెయిల్ పెడితే వ్యూస్ వస్తాయి, కానీ అది చరిత్ర కాదు. నాటకానికి ముందే కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో 1881 డిసెంబరులో మొదటి వితంతు వివాహం జరిపించాడు. ఇంగ్లిష్ చదువులు, ఉద్యోగాలు, ఆడపిల్లల బడులు, ఎన్నో కారణాలు కలిశాయి. పెళ్లి వయసు మీద శారదా చట్టం 1929లో వచ్చింది. అంటే నాటకం మొదటిసారి ఆడిన 37 ఏళ్లకి. అప్పటికి గురజాడ పోయి 14 ఏళ్లు. అది కూడా ఆడపిల్లకి 14 ఏళ్లు అంది, అంతే. 18కి పెరగడానికి 1978 దాకా పట్టింది.

కన్యాశుల్కం నెమ్మదిగా పోయింది కదా అనుకుంటే దాని బదులు ఏమొచ్చింది? కట్నం. పిల్లకి ధర కట్టడం పోయి పిల్లాడికి ధర కట్టడం వచ్చింది. చదువు, ఉద్యోగం చూసి రేటు. అప్పుడు మళ్లీ ఇంకో నాటకం కావాల్సి వచ్చింది. కాళ్లకూరి నారాయణరావు 'వరవిక్రయం' రాశాడు. పేరులోనే ఉంది, వరుణ్ణి అమ్మడం. 1939లో అది సినిమా కూడా అయ్యింది, భానుమతి గారి మొదటి సినిమా అదే. కట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది. కట్నం పోయిందా? మన బ్యాచ్ వాట్సాప్ గ్రూపుల్లో ప్యాకేజీ చూసి కట్నం ఎంత పలుకుతుందో జోకులేసుకునే వాళ్లని అడగండి.

కాబట్టి సాహిత్యం ఏదో బగ్ ఫిక్స్ లాంటిది కాదు. ఒకసారి డిప్లాయ్ చేస్తే సమస్య పోదు. అది చేసేది వేరే. పేరు పెడుతుంది. అంతకుముందు "మా ఇంటి ఆచారం" అని గౌరవంగా చెప్పుకున్న దాన్ని, తర్వాత చెప్పుకోడానికి సిగ్గుపడేలా చేస్తుంది. మాటలు పెద్దవిగా, పనులు చిన్నవిగా ఉండే మనిషిని చూస్తే తెలుగువాళ్లు ఇవాళ్టికీ "వీడో గిరీశం" అంటారు. ఒక్క మాటలో మనిషి మొత్తం అర్థమైపోతాడు. ఆ మాట మనకి ఒక నాటకం ఇచ్చింది. రోడ్డు లాగే అదీ అందరిదీ. దాని మీద ఎవరైనా నడవొచ్చు, టోల్ కూడా లేదు.

ఇప్పుడు గోడ గడియారం సంగతి. టైటిల్‌లో పెట్టి ఇంతవరకూ చెప్పలేదని మీరు అనుకుంటూ ఉంటారు.

మా ఊళ్లో టెన్త్‌లో నాతో ఒక అమ్మాయి చదివేది. పేరు చెప్పను. లెక్కల్లో మా అందరికన్నా ఫాస్ట్. త్రికోణమితి నాకు అర్థమయ్యేలా చెప్పింది సార్ కాదు, ఆ అమ్మాయే. పరీక్షలు అయ్యాక ఆ వేసవిలో పెళ్లి కార్డు వచ్చింది. క్లాసులో మేమందరం తలా ఇరవై రూపాయలు వేసుకుని గోడ గడియారం కొన్నాం. పెళ్లికి వెళ్లాం. ఫొటో దిగాం. భోజనం బాగుందని చెప్పుకుంటూ బస్సెక్కాం. మా టీచర్లు కూడా వచ్చారు. ఆ మండపంలో ఒక్కరు కూడా ఆమె వయసు ఎంత అని అడగలేదు. నేనూ అడగలేదు. నాకు అది ఒక పెళ్లి, అంతే.

చాలా ఏళ్ల తర్వాత కన్యాశుల్కం చదువుతూ సుబ్బి దగ్గర ఆగిపోయా. అందరూ తన గురించి మాట్లాడుతున్నారు, తనని ఎవరూ అడగట్లేదు. అప్పుడు గుర్తొచ్చింది ఆ మండపం. అన్నం తిని చెయ్యి కడుక్కుని వచ్చేసినవాణ్ణి నేను.

మనకి ఇవాళ కూడా లిస్టు ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, ఐదోది, 2019-21లో జరిగింది. 20 నుంచి 24 ఏళ్ల మధ్య ఉన్న ఆడవాళ్లలో 18 నిండకుండానే పెళ్లయినవాళ్లు ఎంతమంది అని అందులో ఉంటుంది. దేశం మొత్తం మీద 23.3 శాతం. తెలంగాణలో 23.5. ఆంధ్రప్రదేశ్‌లో 29.3. ఈ అంకె నేను ఉద్యోగంలో ఉన్నప్పుడే ఒక న్యూస్ యాప్‌లో చూశా. పైకి తోసేసి వెళ్లిపోయా. నాటకం చదివాక మళ్లీ చూశా. సర్వే జరిగినప్పుడు మా క్లాస్‌మేట్ వయసు సరిగ్గా ఆ గ్రూపులోనే. ఆ 29.3 మారలేదు. చూసే నేను మారాను.

టీ కొట్టు దగ్గర అన్నకి నా జవాబు ఇదీ. అన్నా, కథ వల్ల రోడ్డు పడదు. కానీ రోడ్డు ఎవరి ఇంటి దాకా వెయ్యకుండా ఆపేశారో కథ చూపిస్తుంది. అది చూసినవాళ్లు కొందరైనా ఊళ్లో ఉంటేనే రోడ్డు అడిగేవాళ్లు ఉంటారు.

అందుకే స్కూల్లో లైబ్రరీ పీరియడ్ తీసేసి అక్కడ కూడా కోచింగ్ పెడితే నాకు భయమేస్తుంది. మార్కులు తగ్గుతాయని కాదు. పెళ్లి మండపంలో భోజనం చేసి వచ్చేసే పదిహేనేళ్ల కుర్రాళ్లు ఇంకా ఎక్కువమంది తయారవుతారని.

ఒక చిన్న రిక్వెస్ట్. ఈ వీడియో చూసి నాటకం చూసేసినట్టు అనుకోకండి. నేను చెప్పింది గిరీశం చెప్పినట్టే, లెక్చరు మాత్రమే. గురజాడ 1915లో చనిపోయారు కాబట్టి పుస్తకానికి కాపీరైట్ లేదు, ఫోన్‌లోనే ఫ్రీగా దొరుకుతుంది. పెద్దదే, ఒక్క రోజులో అవ్వదు. రోజుకి పది పేజీలు చాలు. భాష అక్కడక్కడా పాతగా ఉంటుంది, ఇంట్లో అమ్మమ్మనో తాతయ్యనో అడగండి. ఆ వంకతో వాళ్ల పెళ్లి ఎన్నో ఏట అయ్యిందో కూడా అడగండి. జవాబు చెప్పేటప్పుడు వాళ్ల మొహం చూడండి.

ఇంకొకటి. మీకు తెలిసిన పదిహేను, పదహారేళ్ల అమ్మాయి పెళ్లి కార్డు మీ ఇంటికొస్తే, గిఫ్ట్ ఏం కొనాలని ఆలోచించే ముందు ఆ అమ్మాయి వయసు అడగండి. పెళ్లి ఇంకా జరగకపోతే 1098కి ఫోన్ చేయొచ్చు, అది పిల్లల హెల్ప్‌లైన్. మేము ఆ రోజు గడియారం కొన్నాం. టైమ్ మాత్రం చూసుకోలేదు.

మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.